వేసవిలో గ్రంథాలయంలో పనిచేయబోతున్న పిల్లలకు

నల్లగొండ,
ఏప్రిల్ నెల.

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో మీరు మన జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఇంటర్న్‌లుగా చేరుతున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. అక్కడ రోజంతా ఏం పని ఉంటుంది, పుస్తకాలు చదువుకుంటూ కూర్చోవచ్చా అని మీలో కొందరు అడిగారు. చదువుకునే తీరిక కొంచెమే దొరుకుతుంది, పని మాత్రం చాలా ఉంటుంది. ఉద్యోగ జీవితమంతా పుస్తకాల మధ్యనే గడిపిన నాకు ఒక విషయం బాగా తెలుసు. పుస్తకం గ్రంథాలయంలో ఉండడం వేరు, అడిగినవారి చేతికి అది అందడం వేరు. మీకు అప్పగించే పనులు ఎంత చిన్నవిగా కనిపించినా, ఆ పుస్తకాన్ని ఆ చేతికి అందించడం కోసమే అన్నీ.

పొద్దున తలుపులు తెరవకముందే గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదువుకునే యువతీయువకులు సద్ది డబ్బాలతో గేటు దగ్గర నిలబడి ఉంటారు. వారిలో చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు; వారికి కావలసింది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం. గ్రంథాలయాన్ని చదువుకునే గదిగా మార్చేశారని కొందరు పెద్దలు విసుక్కుంటారు కానీ, ఆ మాటతో నేను ఏకీభవించను. ఊళ్ళో ఇరుకైన ఇంట్లో, నలుగురి మాటల మధ్య చదవలేని పిల్లకు ఆ కుర్చీయే ఆధారం. పైగా 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ హక్కుతోనే వస్తున్నారు. ఎవరితోనైనా ఆ ఎరుకతోనే మాట్లాడండి.

దినపత్రికలకు ముద్ర వేసి బల్లల మీద పెట్టడం మొదటి పని, అది తొందరగానే అయిపోతుంది. ఆ తరువాత పాఠకులు తిరిగి ఇచ్చిన పుస్తకాలను అరల్లో సర్దాలి. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పుస్తకాలను విషయాన్ని బట్టి అమర్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో ప్రతి విషయానికీ ఒక సంఖ్య ఉంటుంది. వరి సాగుకు 633.18, పశుగ్రాసపు పంటలకు 633.2. రెండు కంటే పద్దెనిమిది పెద్దది కదా అని వరి పుస్తకాన్ని పశుగ్రాసం తరువాత పెట్టారంటే, దాని కోసం వచ్చిన రైతు ఖాళీ చేతులతో వెళ్ళిపోతాడు. బిందువు తరువాత అంకెలను ఒక్కొక్కటిగా చూడాలి. ఒకటి రెండు కంటే ముందు వస్తుంది కాబట్టి వరి పుస్తకమే ముందు ఉండాలి. తప్పు అరలోకి వెళ్ళిన పుస్తకం ఎవరో అనుకోకుండా చూసేవరకు పోయినట్టే లెక్క.

అరలోంచి పుస్తకం తీసేటప్పుడు పై అంచున వేలు పెట్టి లాగకండి, అలా లాగితే వెన్ను చిరుగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న పుస్తకాలను కొద్దిగా లోపలికి నెట్టి, మధ్య భాగాన్ని పట్టుకుని తీయండి. చిరిగిన పుటలకు సెల్లో టేపు అంటించవద్దు. కొన్నేళ్ళకు దాని జిగురు పచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది. పాత కాగితం 40 డిగ్రీలు దాటే మన ఎండలకు మరింత పెళుసెక్కుతుంది కాబట్టి, కిటికీ పక్కన ఎండ పడే అరల్లో పాత పుస్తకాలు ఉంటే అక్కడి గ్రంథపాలకులకు వెంటనే చెప్పండి. చెద కనిపించినా అంతే, మరునాటి వరకు ఆగవద్దు.

కొత్తగా వచ్చిన ఒక్కో ప్రతికీ అక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే గ్రంథాలయంలో చేరిన పుస్తకాల పట్టికలో, ఒక సంఖ్య ఇస్తారు. ఒకే పుస్తకం రెండు ప్రతులు వచ్చినా రెండు వేర్వేరు సంఖ్యలుంటాయి. ముఖపత్రం చిరిగిపోయినా పుస్తకం ఏ గ్రంథాలయానిదో తెలిసేలా, ముందే నిర్ణయించుకున్న ఒక లోపలి పుట మీద కూడా ముద్ర వేస్తారు.

మీకు కంప్యూటర్ వచ్చు కాబట్టి వివరాల నమోదు మీకే అప్పగిస్తారనుకుంటున్నాను. అక్కడ ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే. ఒకరు ‘ప్రతాపరెడ్డి’ అని కలిపి, మరొకరు ‘ప్రతాప రెడ్డి’ అని విడదీసి టైపు చేస్తే, కంప్యూటర్ ఇద్దరు రచయితలున్నారనుకుంటుంది. వెతికినవారికి సగం పుస్తకాలే కనిపిస్తాయి. ఈ పేరునే ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పద్యాలను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ కవులు అంతకుముందు కూడా ఉన్నారు. వారి పేర్లూ రచనలూ ఒకచోట చేర్చి ఉంచకపోవడం వల్లనే లేరన్న మాట పుట్టింది. మన నల్లగొండలో 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక ప్రారంభించిన నాటికి బడుల్లో చదువు ప్రధానంగా ఉర్దూలోనే ఉండేది, నిజాం పాలన కూడా ఉర్దూలోనే సాగేది. ఆ రోజుల్లో గ్రంథాలయం పెట్టడమంటే మాతృభాషను నిలబెట్టుకోవడమే. హైదరాబాదులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఆ ప్రయత్నానికి దారి చూపింది. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న పేర్లు టైపు తప్పుల వల్ల మళ్ళీ కనబడకుండా పోకూడదు.

మధ్యాహ్నం ఎండకు జనం పలచబడ్డాక, అడగడానికి మొహమాటపడే పాఠకులు మెల్లగా మీ దగ్గరికి వస్తారు. ఒక పెద్దాయన చరిత్ర పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగితే, దూరం నుంచి అర చూపించి ఊరుకోకండి. ‘ఏ కాలం గురించి పెద్దనాయనా, ఏ ఊరి గురించి?’ అని అడగండి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో తన ఊళ్ళో ఏం జరిగిందో తెలుసుకోవాలని ఆయన వచ్చి ఉండవచ్చు. అప్పుడు కావలసినవి స్థానిక చరిత్రలు, ఆత్మకథలు. అవి వేరే అరల్లో ఉంటాయి. వెంట వెళ్ళి తీసి ఇవ్వండి. చదవడం రాదని చెప్పడానికి సిగ్గుపడేవారు కూడా వస్తారు. అలాంటివారి పక్కన కూర్చుని రెండు పుటలు చదివి వినిపిస్తే, ఆ రోజు మీరు చేసిన పనుల్లో దానినే పెద్దదిగా నేను లెక్కిస్తాను.

మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకుని, పాఠకులు అడిగినా దొరకని పుస్తకాల పేర్లు అందులో రాయండి. వారం చివర నేను అక్కడికి వస్తాను. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసి అరలన్నీ వెతుకుదాం. కొన్ని తప్పు చోట ఉండి బయటపడతాయి, కొన్ని బైండింగుకు వెళ్ళి ఉంటాయి. నిజంగా లేనివాటిని కొనమని కోరుతూ గ్రంథపాలకులకు ఇవ్వవలసిన వినతిపత్రం మీరే రాయాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య