నీళ్ళను తోసే గాలి

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నుకు,

తాతయ్య దీవెనలు. మొన్న ఆదివారం ఫోన్‌లో బుజ్జమ్మ అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. కానీ పక్కనుంచి మీ నాన్న "మోటారు పోయినట్టుంది, ఎంత అవుతుందో ఏమో" అని టెన్షన్ పడుతుంటే నా మాట ఎవరికీ వినపడలేదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అమ్మ చదివి వినిపిస్తుంది. అమెరికాలో 4 కోట్ల మందికి పైగా మీలాగే సొంత బావి నీళ్ళే తాగుతారట. వాళ్ళ పిల్లల్లో తెలుగు వచ్చినవాళ్ళుంటే వాళ్ళకీ ఈ ఉత్తరం చూపించండి.

బుజ్జమ్మ అడిగింది ఇదీ: పళ్ళు తోముకోవడానికి కుళాయి తిప్పితే కింద బేస్‌మెంట్‌లో టక్కుమంటుంది. కాసేపటికే మళ్ళీ టక్కు. అంతలోనే ఇంకోసారి. షవర్‌లో నీళ్ళు ఒక క్షణం జోరుగా వస్తాయి, మరుక్షణం నీరసపడతాయి. "తాతయ్యా, మోటారుకు జ్వరం వచ్చిందా?"

ఇలాంటి చప్పుడు వస్తే చాలాసార్లు తప్పు మోటారుది కాదమ్మా. మెట్ల పక్కన నిలబెట్టిన నీలం ట్యాంకులో గాలి తగ్గిపోయి ఉంటుంది.

మన ఊళ్ళో మోటారు వేస్తే నీళ్ళు డాబా మీది ట్యాంకుకు ఎక్కుతాయి. అక్కణ్ణించి వాటంతటవే కుళాయిల్లోకి దిగుతాయి. ఇక్కడ నీళ్ళను తోసేది ఎత్తు. మీ పెన్సిల్వేనియాలో ట్యాంకును అలా బయట పెడితే జనవరిలో గడ్డకట్టి కూర్చుంటుంది. పైగా మీ కుళాయిలో నీళ్ళ జోరు ఎంత తగ్గినా 40 పీఎస్‌ఐ ఉంటుంది (పీఎస్‌ఐ అంటే ఒత్తిడిని కొలిచే లెక్క). ఎత్తు ఒక్కదానితోనే ఆ జోరు తేవాలంటే ట్యాంకును 92 అడుగుల పైన, అంటే తొమ్మిదంతస్తుల మేడ మీద పెట్టాలి. ఆ పనంతా మీ ఇంట్లో నీ ఎత్తు కూడా లేని ట్యాంకు చేసిపెడుతోంది. అదెలాగో చెప్పాలంటే పరుపు సంగతి చెప్పాలి.

నా చిన్నతనంలో సంక్రాంతికి ముందు దూదేకేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. భుజాన పెద్ద విల్లులాంటి సాధనం, దానికి బిగించిన నారి. ఏడాది పొడవునా మేం పడుకుని పడుకుని చెక్కలా చేసిన పరుపును మా అమ్మ అరుగు మీదికి ఈడ్చేది. కుట్లు విప్పి గడ్డకట్టిన దూదిని కుప్ప పోసేవాళ్ళు. ఆ నారిని దూదిలో ఆనించి చెక్కసుత్తితో కొడితే టంయ్, టంయ్ అని వీధంతా మోగేది. దూది పింజలు పింజలుగా లేచి మా జుట్టులో, కనురెప్పల మీద, చివరికి తులసికోట మీద కూడా వాలేది. మధ్యాహ్నానికి కుప్ప నా నడుము దాకా పెరిగేది. పొద్దున ఇంతే ఉన్న దూది అంతెలా అయింది? ఓ ఏడాది ఆగలేక అడిగేశాను. దూదేకే ఆయన పని ఆపకుండానే అన్నాడు, "దూది అంతే ఉంది బాబూ. నేను పెట్టింది గాలే." ఆ రాత్రి కొత్తగా కుట్టిన పరుపు మీద పడుకుంటే కింద ఎవరో మెల్లగా పైకి తోస్తున్నట్టు ఉండేది.

మీ ట్యాంకు కూడా అలాంటి పరుపే. లోపల రబ్బరు తెర ఒకటుంటుంది. దానికి ఒక పక్క గాలి, ఇంకో పక్క నీళ్ళు. బోరులోని మోటారు నీళ్ళు తోస్తుంటే గాలి అణిగిపోతుంది, మనం పడుకుంటే పరుపు అణిగినట్టే. ఒత్తిడి కొలిచే గేజీ 60 చూపగానే స్విచ్చి టక్కుమని మోటారును ఆపేస్తుంది. మీరు కుళాయి తిప్పితే పరుపు పొంగినట్టు గాలి పొంగి నీళ్ళను బయటికి తోస్తుంది. మోటారు మాత్రం నిద్రపోతూనే ఉంటుంది. 40కి దిగాక మళ్ళీ టక్కు, మోటారు లేస్తుంది. గాలి సరిగ్గా ఉంటే 20 గాలన్ల, అంటే సుమారు 76 లీటర్ల ట్యాంకు మోటారును లేపకుండా దాదాపు 20 లీటర్లు, ఒక పెద్ద బకెట్టెడు నీళ్ళు ఇస్తుంది.

ఏళ్ళు గడిచేకొద్దీ గాలి కొంచెం కొంచెంగా జారుకుంటుంది. పరుపు చెక్కబారిపోతుంది. చెక్కబారిన పరుపు మీద మనిషికి నిద్రపడుతుందా? ఇటు తిరిగి కళ్ళు మూసేలోపు అటు పొర్లాలనిపిస్తుంది. మీ మోటారు బాధ కూడా అదే. గ్లాసుడు నీళ్ళు వాడితే లేస్తుంది, లేచిన వెంటనే ఆగుతుంది. మోటారు నడిచేటప్పటి కంటే మొదలయ్యేటప్పుడు ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అందుకే ఒకసారి లేచాక కనీసం ఒక నిమిషమైనా నడవాలి. క్షణానికోసారి లేచి పడుకునే మోటారు నిజంగానే కాలిపోతుంది. అప్పుడందరూ మోటారునే తిడతారు. కంటికి కనిపించి చప్పుడు చేసేవాడి మీదే మనం తప్పు వేస్తాం పిల్లలూ, ఇళ్ళలోనూ బళ్ళలోనూ కూడా. కాస్త ఆగి, మాట్లాడకుండా పనిచేసేవాడు ఎలా ఉన్నాడో కూడా చూడాలి.

ఇప్పుడు నాన్నతో చేయించాల్సిన పని. ముందు మోటారుకు కరెంటిచ్చే బ్రేకరు దింపమనండి. స్విచ్చి మూత లోపల 230 వోల్టుల కరెంటు ఉంటుంది, మీరిద్దరూ దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి, గేజీ సున్నాకు వచ్చి నీళ్ళు ఆగిపోయేదాకా వదిలేయండి. ఈ పని చేయకుండా గాలి కొలిస్తే వచ్చేది అబద్ధపు లెక్క, ఎందుకంటే లోపల నీళ్ళు గాలిని నొక్కుతూనే ఉంటాయి. ట్యాంకు నెత్తిన చిన్న మూత ఉంటుంది. అది విప్పితే కారు టైరుకుండే వాల్వే కనిపిస్తుంది. టైరు గేజీతో చూడండి. మోటారు 40 దగ్గర లేచే ఇంట్లో అక్కడ 38 ఉండాలి. 30 దగ్గర లేచేదైతే 28, అంటే రెండు తక్కువ. ఇంకా తగ్గి ఉంటే సైకిల్ పంపు తెచ్చి కొట్టండి. దూదేకే పనంటే ఇదే, చిన్ను చేతులకు కూడా పని దొరుకుతుంది.

వాల్వు సూది నొక్కితే గాలికి బదులు నీళ్ళు చిమ్మితే మాత్రం లోపలి రబ్బరు చిరిగిందన్నమాట. పరుపుగుడ్డే చిరిగాక ఎంత ఏకితే ఏం లాభం? చాలా ట్యాంకుల్లో ఆ రబ్బరు మార్చడం కుదరదు, కొత్త ట్యాంకు కొనాలి. గాలి బాగానే ఉండి కూడా టక్కుటక్కు ఆగకపోతే స్విచ్చి కింది సన్నటి గొట్టంలో తుప్పు, బురద అడ్డుపడి ఉండొచ్చు. ఎవరూ నీళ్ళు వాడనప్పుడు కూడా మోటారు లేస్తోందా? అయితే టాయిలెట్ ఫ్లష్ కారుతోందేమో, బావిలోని వాల్వు నీళ్ళను వెనక్కి వదిలేస్తోందేమో చూడాలి. ఇవి మాత్రం బావుల మేస్త్రీకి వదిలేయండి.

అసలు నొక్కితే గాలి ఎందుకు అణుగుతుంది, నీళ్ళు ఎందుకు అణగవు అని చిన్ను అడుగుతాడు, నాకు తెలుసు. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ అనే ఆయన గాలికి ఉన్న ఈ గుణం మీద ఎంతో పని చేసి 1662లో దాని లెక్క అచ్చువేయించాడు. ఆ లెక్క మీకు బళ్ళో చెప్తారు. నేను చెప్పను, మీ చేతులకే తెలియాలి. సూది లేని మందు సిరంజిలో గాలి నింపి, మూతిని బొటనవేలితో మూసి నొక్కండి. లోపలికి పోతుంది, వదిలితే తిరిగి వస్తుంది. ఈసారి బుడగ లేకుండా నీళ్ళు నింపి నొక్కండి. వెంట్రుకవాసి కూడా కదలదు! ఈ వయసులో కూడా నాకిది వింతగానే ఉంటుంది. కంటికి కనపడని గాలి, తాను అణిగిన ప్రతిసారీ మళ్ళీ లేచి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు పోస్తోంది.

శనివారం ఏదైనా విప్పే ముందే ఒక పని చేయండి. చిన్ను గేజీ దగ్గర కూర్చోవాలి. బుజ్జమ్మ పైన కుళాయి కింద బకెట్టు పెట్టి తిప్పాలి. ముల్లు 60 నుంచి దిగి 40 దగ్గర టక్కుమనేసరికి బకెట్టులో ఎన్ని నీళ్ళు పడ్డాయో రాసుకోండి. ట్యాంకు పైనుంచి కింద దాకా వేలి కణుపుతో తట్టి చూడండి. గాలి ఉన్నచోట డొల్లగా మోగుతుంది, నీళ్ళున్నచోట మొద్దుగా ఉంటుంది. ఎక్కడ మారిందో అక్కడ సుద్దతో గీత పెట్టండి. నాన్న గాలి కొట్టాక మళ్ళీ ఇవే రెండూ చూసి, ఆదివారం ఫోన్‌లో నాకు రెండు లెక్కలూ చెప్పాలి.

మీ తాతయ్య