టెన్షన్‌కీ హైపర్‌టెన్షన్‌కీ ఎంత చుట్టరికం?

తెలుగులో బీపీకి రెండు అర్థాలు. ఒకటి డాక్టరు చీటీ మీద రాసేది. రెండోది కోపం. ‘నాకు బీపీ తెప్పించకు’ అనే మనిషి తన రక్తనాళాల గురించి మాట్లాడటం లేదు. అలాగే టెన్షన్ అంటే మనకు ఆందోళన. ఈ రెండు వాడుకలూ తోడై, ‘టెన్షన్ ఎక్కువైతే వచ్చే జబ్బు హైపర్‌టెన్షన్’ అన్న అర్థం దానంతటదే పుట్టుకొచ్చింది. నిజానికి హైపర్‌టెన్షన్ అంటే అధిక రక్తపోటు. ఆ పేరులోని టెన్షన్‌కి మనసుతో పనిలేదు. రక్తం ధమనుల గోడలను లోపలినుంచి నెట్టే ఒత్తిడి అది. ఈ విషయంలో ‘రక్తపోటు’ చాలా నయం. పోటు అనగానే సముద్రం గుర్తొస్తుంది తప్ప ఆఫీసు గుర్తురాదు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని సియాటిల్‌లో మాజీ సైనికుల ఆసుపత్రికి వచ్చే రోగుల మీద డాన్ బ్లూమ్‌హేగన్ 1980లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వాళ్లలోనూ చాలామంది తమ జబ్బును మానసిక ఒత్తిడి ముదిరి వచ్చిందిగానే అర్థం చేసుకున్నారు. మాట దగ్గర మొదలైన పొరపాటు మాత్ర దగ్గర తేలుతుంది. ‘అమ్మాయి పెళ్లి అయిపోయింది, ఇంకేం టెన్షన్ లేదు’ అని బీపీ మాత్ర మానేసేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అలాగని మనసుకూ రక్తపోటుకూ సంబంధమే లేదంటే అదీ అబద్ధమే. ఆ సంబంధాన్ని కళ్లకు కట్టినట్టు చూపిన ప్రయోగం ఇటలీలోని మిలాన్‌లో జరిగింది. జుసెప్పె మాంచియా బృందం ఆసుపత్రిలో ఉన్న 48 మందికి ధమనిలోనే సన్నని గొట్టం అమర్చి, పోటును క్షణక్షణం నమోదు చేసింది. తర్వాత ఒక డాక్టరు వచ్చి, రెండో చేతికి పట్టీ కట్టి మామూలుగా బీపీ చూశాడు. ఆయన రావడంతో పై అంకె సగటున 27, కింది అంకె 15 పాదరస మిల్లీమీటర్ల దాకా ఎగబాకాయి. మొదటి నాలుగు నిమిషాల్లోనే శిఖరానికి చేరి, పది నిమిషాలు గడిచేసరికి చాలావరకు దిగాయి. 1983లో వెలువడిన ఈ ఫలితం అర్థం కావాలంటే ఒక లెక్క చాలు: 120 ఉన్న మనిషి ఆ నాలుగు నిమిషాల్లో 147తో బీపీ రోగిగా చీటీకెక్కగలడు.

అంత త్వరగా పెరగడానికి కారణం నాడుల దారి. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే దాని లోతుల్లో ఉన్న హైపోథాలమస్ నుంచి వెన్నుపాము గుండా, ఒంటిని ప్రమాదానికి సిద్ధం చేసే సింపథెటిక్ నాడులకు ఆజ్ఞ వెళ్తుంది. వాటి చివర్లలో నోర్‌ఎడ్రినలిన్ అనే రసాయనం విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చిన్న ధమనులు బిగుసుకుంటాయి. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఇదంతా సెకన్లలో పని. రెండో దారి హార్మోన్లది: హైపోథాలమస్ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథికి చెబుతుంది, పిట్యూటరీ అడ్రినల్‌కి చెబుతుంది, అది కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ వదులుతుంది. దీనికి నిమిషాలు పడుతుంది. జర్మనీలోని ట్రియర్‌లో 1993లో రూపొందించిన పరీక్ష ఈ ఆలస్యాన్ని చక్కగా పట్టిస్తుంది. ముఖం మీద ఏ భావమూ కనబడనివ్వని పరీక్షకుల ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి, ఆ తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ 1022 నుంచే. లాలాజలంలో కార్టిసాల్ గరిష్ఠానికి చేరేది ఆ హింస ముగిసిన 10–20 నిమిషాలకు. ఇంటర్వ్యూ అయిపోయి మనిషి బయట టీ తాగుతుంటాడు, ఒంట్లో మాత్రం అది అప్పుడే పతాకస్థాయిలో ఉంటుంది.

మరి పెరిగిన పోటు నిలుస్తుందా? ఇక్కడ తీర్పు చెప్పేది మనసు కాదు, కిడ్నీ. పోటు పెరిగితే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఉప్పునూ నీటినీ ఎక్కువగా మూత్రంలోకి పంపేస్తుంది. ఒంట్లో ద్రవం తగ్గి పోటు దిగుతుంది. కిడ్నీ ఒప్పుకోకుండా బీపీ శాశ్వతంగా పెరిగి ఉండదని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్ దశాబ్దాల పాటు వాదించాడు. దానికి ప్రకృతే ఒక పరీక్ష పెట్టింది. 1995 జనవరి 17న జపాన్‌లో కోబె, అవాజీ ద్వీపం ప్రాంతాల్లో పెద్ద భూకంపం వచ్చింది. అవాజీలో వైద్యుడిగా ఉన్న కజువోమి కారియో తదితరులు తమ రోగుల బీపీని గమనించారు. భూకంపం తర్వాత అది బాగా పెరిగింది. ఇళ్లు కూలినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, పునరావాస శిబిరాల్లో ఉన్నవాళ్లు. అయినా చాలామందిలో కొద్ది వారాలకే పాత స్థాయికి వచ్చేసింది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నవారిలో, అంటే కిడ్నీ అప్పటికే దెబ్బతిన్న గుర్తులున్నవారిలో మాత్రం ఎక్కువ కాలం దిగలేదు.

కాబట్టి ఒత్తిడి ఒక్కటే దీర్ఘకాలిక బీపీని పుట్టించిందని అనడం తొందరపాటు. అది తోడు దొంగ. సింపథెటిక్ నాడులు కిడ్నీకీ వెళ్తాయి. అక్కడ రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయించి, ఆంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ల మీదుగా ఉప్పును ఒంట్లోనే పట్టి ఉంచుతాయి. అలాంటి కిడ్నీకి మనం ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, మీదినుంచి పెరుగన్నంలో ఇంకాస్త ఉప్పు అందిస్తాం. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచా నిండా కూడా కాదు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా ఒత్తిడిలో ఉన్న మనిషి నిద్ర తగ్గిస్తాడు, నడక మానేస్తాడు, సిగరెట్టూ మందూ పెంచుతాడు, మాత్ర మరిచిపోతాడు. మామూలుగా రాత్రి నిద్రలో పోటు 10–20 శాతం తగ్గి ధమనులకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. నిద్ర పాడైతే ఆ విశ్రాంతీ పోతుంది.

ఇక ‘నా బీపీ పెరిగితే నాకే తెలుస్తుంది’ అనే నమ్మకం. తెలిసేది గుండెదడ, చెమట, అంటే ఎడ్రినలిన్. బీపీ సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే (ఐసీఎంఆర్-ఇండియాబ్) ప్రకారం దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. కొలిస్తే తప్ప ఎవరికుందో తేలదు.

కొలవడంలోనే మనసు చేసే మోసాన్ని చాలావరకు తీసేయవచ్చు. మోచేతి పైన కట్టే పట్టీ ఉన్న మిషన్ మంచిది, మణికట్టు మీద పెట్టేది తరచూ తప్పుతుంది. కొలిచే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్టు, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. నిండిన మూత్రాశయమే పై అంకెను 10 దాకా పెంచగలదు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోన్ చూడటం ఊరికే కూర్చోవడం కిందికి రాదు. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద, మోచేతి మడతకు రెండు వేళ్ల పైన కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె పెరిగే కనిపిస్తుంది. చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చేయి వేలాడుతూ పట్టీ గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె దాదాపు 8 పెరుగుతుంది. ఇందులో మాయ లేదు, ఆ ఎత్తు రక్తం బరువది. కొలిచేటప్పుడు మాట్లాడినా 10 దాకా పెరుగుతుంది. ‘ఎంత వచ్చింది?’ అని అడగడం కూడా మాటే.

నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్ర వేసుకోక ముందు, మళ్లీ సాయంత్రం, అలా 7 రోజులు రాసుకోవాలి. మొదటి రోజు లెక్క తీసేసి మిగతావాటి సగటు చూడాలి. మొదటి రోజు కొత్త మిషన్ అంటే ఉండే బెరుకు అంకెల్లోకి చేరుతుంది. ఆసుపత్రిలో 140/90ని గీతగా పెట్టుకుంటే, ఇంట్లో సగటుకు ఆ గీత 135/85.

డాక్టరు దగ్గర ఎక్కువా, ఇంట్లో మామూలూ ఉంటే దాన్ని వైట్‌కోట్ బీపీ అంటారు. మందు వెంటనే అవసరం లేకపోవచ్చు గానీ, వీరిలో కొందరికి తర్వాత అసలు బీపీ వస్తుంది. ఏడాదికోసారైనా మళ్లీ చూసుకోవాలి. అంతకన్నా భయపడాల్సింది దీనికి తలకిందులుగా ఉండేది: ఆసుపత్రిలో మామూలు, పనిలో ఉన్నప్పుడు ఎక్కువ. పొగతాగేవారిలో, పని ఒత్తిడి ఎక్కువున్నవారిలో ఈ దాగిన బీపీ కనిపిస్తుంది. గుండెకు దీని ప్రమాదం అసలు బీపీకి దాదాపు సమానం. ‘టెన్షన్ వల్లే పెరిగింది, అది లెక్కలోకి రాదు’ అనే వాదన ఇక్కడ పూర్తిగా బోల్తా పడుతుంది. రోజుకు పది గంటలు టెన్షన్‌లో పెరిగి ఉండే పోటును ధమనులు లెక్కలోకి తీసుకుంటాయి.

నిమిషానికి ఆరు శ్వాసలు, అంటే 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి, రోజూ పదిహేను నిమిషాలు చేస్తే పోటు కొంత తగ్గుతుంది. కొద్ది మిల్లీమీటర్లే. మాత్రకు సాయమే గానీ బదులు కాదు. సరిగ్గా కొలిచే ముందు చేస్తే మాత్రం మిషన్‌ని మోసం చేసినట్టే. దీనికి వ్యతిరేక దిశలో ఇంకో ఉచ్చు ఉంది: ఒకసారి 160 చూసి, భయపడి, వెంటనే మళ్లీ కొలిచి, 170 చూసి, ఇంకోసారి కొలవడం. రెండో అంకెను పెంచింది మొదటి అంకే. మిషన్ పక్కనపెట్టి కాసేపు కూర్చోవాలి. 180/120 దాటి, దానితో పాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయీ కాలూ బలహీనపడటం, చూపు మసకబారడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కంగారులో నాలుక కింద నిఫెడిపిన్ అనే బీపీ మందు పెట్టడం పాత అలవాటు. పోటు ఒక్కసారిగా పడిపోయి పక్షవాతమో గుండెపోటో రావచ్చు.

ఇక పెళ్లి అయ్యాక మాత్ర మానేసిన మనిషి దగ్గరికొద్దాం. ఆయన వాడేది ఆమ్లోడిపిన్ అయి ఉంటే, ఆ మందు రక్తంలో సగానికి తగ్గడానికే 30–50 గంటలు పడుతుంది. మానేసిన రెండు మూడు రోజుల్లో కొలిస్తే అంకె బాగానే ఉంటుంది. ‘చూశావా, టెన్షన్ పోయింది, బీపీ పోయింది’ అంటాడు. వారం పైబడ్డాక నెమ్మదిగా పాత అంకె తిరిగి వస్తుంది, అప్పటికి ఆయన కొలవడమూ మానేసి ఉంటాడు. అటెనోలాల్, మెటోప్రోలాల్, క్లోనిడిన్ లాంటివి అయితే కథ వేరు. వాటిని ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, పోటు మునుపటికన్నా పైకి లేవవచ్చు. వాటిని తగ్గించాల్సి వస్తే డాక్టరు చెప్పిన మోతాదుల్లో, రోజులు వారాల మీద మెల్లగా దించాలి.