అత్తగారికి పక్షవాతం, చీటీ మీద మాత్రం జ్వరం

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు, నల్గొండలో కొన్ని షాపులకు జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు చూడటం నా పని. ఇంట్లో ఎవరైనా మంచాన పడ్డప్పుడు వర్కర్లు నా దగ్గరికి పట్టుకొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇంట్లో ఎవరికి బాగలేకున్నా సిక్ లీవ్ పెట్టుకోవచ్చు.

వాస్తవం: సిక్ లీవ్ మీ ఒంట్లో బాగలేనప్పుడే. షాపులు, ఆఫీసులకు వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో మీ జబ్బుకో, ప్రమాదానికో ఏడాదికి 12 రోజులున్నాయి. అదే చట్టంలో ఇంకో 12 రోజులు క్యాజువల్ లీవ్. దానికి సరైన కారణం ఏదైనా చాలు. అమ్మను దవాఖానలో చూసుకోవడం సరైన కారణమే. ఇవి కాక 240 రోజులు పనిచేసినవాళ్లకు జీతంతో 15 రోజుల సెలవు. ఈ మూడూ వేర్వేరు ఖాతాలు.

ఒక బట్టల షాపులో పనిచేసే ఆమె అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆ మాట రాస్తే లీవ్ ఇవ్వరేమోనని, తనకే జ్వరమని ఆర్ఎంపీ దగ్గర చీటీ రాయించుకుని పది రోజులు సిక్ లీవ్ పెట్టింది. నెల తిరక్కముందే ఆమెకు నిజంగానే టైఫాయిడ్. సిక్ లీవ్ రెండు రోజులే మిగిలింది, మిగతా రోజులకు జీతం కట్ అన్నారు. క్యాజువల్ లీవ్ పన్నెండూ అట్లనే ఉన్నాయి. ఆమెకు తెలియదు, ఓనర్ చెప్పలేదు. రిజిస్టర్ ముందు పెట్టి మాట్లాడితే గానీ కటింగ్ ఆగలేదు.

మిల్లులో లెక్క వేరు. అక్కడ ఇరవై రోజుల పనికి ఒక రోజు సెలవు జమ అవుతుంది. క్యాజువల్ లీవ్ ఉందో లేదో చేరేటప్పుడే అడగండి.

అపోహ: ఈఎస్ఐ కడుతున్నాం కదా, నాన్న దగ్గరున్న రోజులకూ పైసలు వస్తాయి.

వాస్తవం: రావు. మీ జీతంలో 0.75 శాతం కోత పడుతుంది, దానికి మీతోపాటు భార్య, పిల్లలు, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు వైద్యం అందుతుంది. రోజు కూలిలో 70 శాతం చొప్పున 91 రోజుల దాకా ఇచ్చే నగదు మాత్రం మీ సొంత జబ్బుకే. ఇక్కడ దొంగ సర్టిఫికెట్ పెడితే కేసు అవుతుంది, ఆ పని చేయకండి. చాలామంది పెళ్లయ్యాక భార్య పేరు ఎక్కిస్తారు, అమ్మానాన్నల పేర్లు మర్చిపోతారు. దవాఖాన గేటు దగ్గర టెన్షన్ పడేకంటే ఆ పేర్లు ఇప్పుడే చూసుకోండి.

అపోహ: గవర్నమెంట్ నౌకరీ అయితే దేనికైనా లీవే.

వాస్తవం: కేంద్ర ఉద్యోగుల 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ సంగతి విని మన టీచరమ్మలూ అంతే అనుకుంటారు. తెలంగాణలో మహిళా ఉద్యోగులకు అది 90 రోజులు, విడతకు 15 రోజులు మించకుండా. అదీ పిల్లల కోసమే. అత్తమామల కోసమైతే తమ ఇతర సెలవుల్లోంచి వాడుకోవాల్సిందే. ప్రైవేటులో బిడ్డ పుడితే తండ్రికి సెలవివ్వాలని చట్టమే లేదు.

అపోహ: లీవులు అయిపోతే చెప్పకుండా ఆగిపోవడమే.

వాస్తవం: అన్నిటికన్నా నష్టం ఇదే. జీతం లేకపోయినా సెలవు కావాలని, ఎన్ని రోజులో, ఎవరికి బాగలేదో రాసివ్వండి. వాట్సాప్‌లో పంపినా సరే, ఆ మెసేజ్ డిలీట్ చేయకండి. చేతిలో పైసలు లేకపోతే పీఎఫ్‌లోంచి చికిత్సకు అడ్వాన్స్ తీసుకోవచ్చు. అది కుటుంబ సభ్యుల జబ్బుకూ ఇస్తారు, కాబట్టి అమ్మ జబ్బును మీ జబ్బని రాయాల్సిన పని లేదు.