షేడ్‌నెట్ వేస్తే నీరు మిగులుతుందా? డెల్టాలో నాకు రోజూ ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలో కడియం, కడియపులంక చుట్టుపక్కల నర్సరీలకు షేడ్‌నెట్ (ఎండను కొంత ఆపే నీడ వల) పందిళ్లు వేయడం నా పని. ఈమధ్య కొబ్బరి తోటల వాళ్లు, పొలంలో నీటి గుంట తవ్వించుకున్న వాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు. అందరూ అడిగేది ఒక్కటే: "ఎండకి నీరంతా పోతోందండీ, నెట్ వేసేద్దామా?" వేద్దామంటే నాకు బేరం. అయినా చాలాసార్లు వద్దనే చెబుతుంటాను.

అపోహ: గోదావరి పక్కన గాలిలో తేమ ఎక్కువ, ఇక్కడ నీరు పెద్దగా ఆవిరవదు.

తేమ ఉంటే ఆవిరి తగ్గుతుంది, నిజమే. కానీ ఎండ, గాలి కూడా కలిసే నీటిని పట్టుకుపోతాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలు కట్టేసేది ఎండాకాలంలోనే. అప్పుడే పడమటి గాలి మొదలవుతుంది, గట్టు మీద ఆరేసిన తువ్వాలు చూస్తుండగానే ఆరిపోతుంది. రోజుకు 5 మిల్లీమీటర్లు పోతుందనుకుందాం, ఆ రోజుల్లో అదేం పెద్ద అంకె కాదు. 10 సెంట్ల గుంటంటే సుమారు 405 చదరపు మీటర్లు. అంటే రోజుకు దాదాపు 2,000 లీటర్లు. 60 రోజులకు దాదాపు అడుగు నీరు. ఐదడుగుల గుంటలో అడుగు పోతే రైతుకు తెలుస్తుంది. కాలువ కట్టేయకముందు నింపుకునే ఊరి మంచినీటి చెరువుకూ ఇదే లెక్క.

అపోహ: 90 శాతం నెట్ వేస్తే 90 శాతం నీరు మిగిలినట్టే.

నెట్ మీద చెప్పే 50, 75, 90 అంకెలు వెలుతురుకు సంబంధించినవి. ఎంత ఎండను ఆపుతుందో చెబుతాయి, ఎంత నీటిని ఆపుతుందో చెప్పవు. నేనూ మొదట్లో ఈ తేడా పట్టించుకోలేదు. మొదటిసారి ఒక గుంట మీద అచ్చం నర్సరీ పందిరిలాగే వేశాను. పది పన్నెండడుగుల ఎత్తు, పక్కలన్నీ ఖాళీ. మొక్కలకు గాలాడాలి కాబట్టి నర్సరీలో అలాగే వేయాలి. గుంట మీద అదే పని చేస్తే కింద నుంచి గాలి దూరి, నీటి మీదున్న తేమను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. ఆ రైతు నెల తర్వాత మట్టం చూపించి, ఏమీ అనకుండా నా ముఖం చూశాడు. తిట్టినా బాగుండేది.

గుంటకైతే నెట్ నీటికి దగ్గరగా, గట్టు నుంచి గట్టుకు, అంచులు మూసి లాగాలి. కింద తీగలు బిగువుగా ఉండాలి, లేకపోతే మధ్యలో జారి నీళ్లలో పడుతుంది. స్పెయిన్ ఆగ్నేయ ప్రాంతంలో రైతుల రిజర్వాయర్ల మీద రెండు పొరల నల్ల గుడ్డ ఇలా కప్పితే ఆవిరి 80 శాతం పైగా తగ్గింది. నల్లదే ఎందుకంటే, ఎండ తగలకపోతే నాచు పెరగదు, డ్రిప్ ఫిల్టర్లు పూడిపోవు. నెట్ కాబట్టి వాన నీరూ దిగుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే మాత్రం విప్పి చుట్టేయాల్సిందే. అంత ఓపిక లేని వాళ్లు వేయించుకోవద్దు.

నల్ల బంతుల వీడియో వాట్సాప్‌లో పంపి "ఇవి దొరుకుతాయా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2015లో లాస్ ఏంజెలెస్ రిజర్వాయర్‌లో వేసిన 9.6 కోట్ల బంతులవి. అసలు పని వేరు. నీటిలోని బ్రోమైడ్, క్లోరిన్ ఎండ తగిలి బ్రోమేట్ అనే హానికర రసాయనంగా మారకుండా చూడటానికి వేశారు. ఆవిరి తగ్గడం కొసరు లాభం.

అపోహ: గుర్రపుడెక్క కప్పేస్తే నీరు చల్లగా ఉంటుంది, ఆవిరవదు.

మన కాలువల్లో ఇది ఎంత ఉందో చెప్పక్కర్లేదు. పైకి గొడుగులా కనిపిస్తుంది. నిజానికి దీపం వత్తిలాంటిది. వేళ్లతో నీళ్లు పీల్చి ఆకుల్లోంచి గాలిలోకి వదులుతూనే ఉంటుంది. ఖాళీ నీటి కంటే ఎక్కువే పోగొడుతుంది. గుంటలో ఒక్క మొక్క కనిపించినా ఆ రోజే తీసేయండి.

రొయ్యల చెరువు మీద పక్షుల వల వేస్తే ఆవిరి తగ్గుతుందనేది ఇంకో మాట. ఆ వల కన్నాల్లోంచి కొంగ రాదేమో కానీ ఎండ, గాలి హాయిగా వస్తాయి. పోనీ షేడ్‌నెట్టే వేద్దామంటే ఇంకా ప్రమాదం. వెలుతురు లేకపోతే ప్లవకాలు (నీటిలో తేలే కంటికి కనిపించనంత చిన్న మొక్కలు) తగ్గుతాయి, పగటిపూట అవి ఇచ్చే ఆక్సిజనూ తగ్గుతుంది.

కొబ్బరి తోటకు నెట్ అడిగితే మాత్రం నవ్వొస్తుంది. చెట్టు పాదులో డొక్కలు, ఎండిన మట్టలు పరిస్తే చాలు. అలా కప్పిన నేల ఎండకు నీటిని అంత త్వరగా వదలదు. సముద్రం దగ్గరి పొలాల్లో దీనితో ఇంకో మేలుంది. అక్కడ కింద నీరు ఉప్పు. వట్టి నేల మీద ఎండ కాస్తే ఆ నీరు పైకి పాకి ఆవిరైపోయి, ఉప్పు పైన మిగులుతుంది. తెల్లగా చౌడు పేరుకునేది అందుకే. నేల కప్పి ఉంచితే అది కొంత నెమ్మదిస్తుంది.

ఇక నర్సరీ వాళ్లకు ఒక్క మాట. నెట్ వేశాక కూడా పాత అలవాటుతో రెండు పూటలా పైపు పట్టకండి. నీడలో సంచి మట్టి ఆలస్యంగా ఆరుతుంది, వేళ్లు కుళ్లుతాయి. వేలు గుచ్చి చూసి పోయండి.

అపోహ: గుంటలో నీరు తగ్గిందంటే ఎండే కారణం.

ఇదొక్కటి తేల్చుకున్నాకే నాకు ఫోన్ చేయమంటాను. బకెట్ నిండా నీళ్లు పోసి, అడుగున రాయి వేసి, గుంటలోనే సగానికి పైగా మునిగేలా నిలపండి. బకెట్ లోపల ఒక గీత, బయట గుంట మట్టానికి ఒక గీత. వాన లేని, గుంట నీరు వాడని రోజు చూసుకుని, 24 గంటల తర్వాత కొలవండి. లోపల తగ్గింది ఆవిరి. బయట దానికంటే ఎంత ఎక్కువ తగ్గితే అంత కింద నుంచి ఇంకుతోంది. మొన్న వేసవిలో ఒక బాబాయ్ గారి గుంటలో ఇలాగే చూస్తే లోపల అర వేలు మందం, బయట రెండు వేళ్లు. నెట్ మాట మానేసి, అడుగున బంకమట్టి పోయించి తొక్కించారు. "అబ్బాయ్, నీ బేరం పోయిందిగా" అని నవ్వుతూ కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చారు.