నోటి క్యాన్సర్ నొప్పి: అపోహలు - వాస్తవాలు

"నొప్పి లేదు కదండీ, క్యాన్సర్ ఎందుకవుతుంది?" నొప్పికి వైద్యం చేసే నాకు ఎక్కువ భయం వేసే మాట ఇదే. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. రెండు మూడు వారాలైనా మానని పుండును, తగ్గని తెల్ల మచ్చనో ఎర్ర మచ్చనో నొప్పి వచ్చేదాకా ఆగకుండా చూపించుకోవాలి.

"గడ్డ పెద్దదైతేనే నొప్పి ఎక్కువ." అలా ఏమీ లేదు. చిన్న పుండుతోనే నాలుక కదపలేనివాళ్లు ఉంటారు. క్యాన్సర్ కణాలు ఎండోథెలిన్-1 అనే రసాయనం, నరాలను పెంచే ప్రోటీన్, కొన్ని ఎంజైములు, ఆమ్లం చుట్టూ వదులుతాయి. వాటితో నరాల కొసలు ఎంత సున్నితమవుతాయంటే మామూలు తాకిడి కూడా నొప్పే. కదలకుండా ఉంటే ఫర్వాలేదనిపించినా, నమిలితే, మాట్లాడితే ప్రాణం పోతుంది. కణాలు నరం వెంబడి పాకితే మంట, షాక్ కొట్టినట్టు పోట్లు.

"చెవిపోటు వేరే జబ్బు." నాలుకకు, దవడకు వెళ్లే నరం కొమ్మే చెవి దగ్గరికీ వెళ్తుంది. చెవి బాగున్నా పోటు రావచ్చు.

"మార్ఫిన్ ఇచ్చారంటే ఇక చివరి రోజులే." ఈ మాట విని మందు దాచేసి, రాత్రంతా మూలుగుతూ గడిపినవాళ్లను చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్ల పద్ధతి చెప్పింది: నొప్పి తీవ్రతను బట్టి మందు. క్యాన్సర్ ఏ స్టేజీలో ఉందన్నది కాదు లెక్క. డోసు పెరిగినంత మాత్రాన వ్యసనమైనట్టు కాదు. వ్యసనం ముప్పు అసలే లేదనను, అందుకే మేం గమనిస్తూ ఉంటాం. మగత, వికారం సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, దానికి మొదటి రోజు నుంచే మందు వాడాలి. మార్ఫిన్‌ను హఠాత్తుగా ఆపకండి.

మింగలేకపోతే సిరప్ ఉంది, చర్మానికి అతికించే ఫెంటనిల్ (ఇదీ మార్ఫిన్ లాంటి మందే) ప్యాచ్ ఉంది. ప్యాచ్ పూర్తిగా పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, అప్పటికప్పుడు వచ్చే పోటుకు పనికిరాదు. దాని మీద కాపడం పెట్టొద్దు, వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది.

"మార్ఫిన్ ఒక్కటే చాలు." నరాల నొప్పికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి జోడిస్తాం. గడ్డ తగ్గితే నొప్పీ తగ్గుతుంది, రేడియేషన్ అందుకే సాయపడుతుంది. కానీ రెండో మూడో వారంలో నోరు పూసి నొప్పి పెరగవచ్చు, అది జబ్బు ముదిరినట్టు కాదు. ఆ టైంలో సొంతంగా డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు కొనుక్కుని మింగొద్దు, ముఖ్యంగా సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కుతుంటే. కిడ్నీల మీద రెండింటి దెబ్బా ఒకేసారి పడుతుంది.