నూరు రూపాయల బిల్లు 98.50కే ఎందుకు? ట్రెజరీ బిల్లులపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ట్యాక్స్ రిటర్న్‌లు వేయడం, అడిగినవాళ్లకు పొదుపు సొమ్ము ఎక్కడ పెట్టాలో చెప్పడం నా పని. వచ్చేవాళ్లలో రిటైరైన టీచర్లు, బత్తాయి రైతులు, మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లు ఎక్కువ. మిత్తి లెక్కల్లో వీళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నూటికి రెండు రూపాయలంటే నెలకే, ఏడాదికి 24 శాతం అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అలాంటివాళ్లు కూడా, కేంద్రానికి మనం అప్పిచ్చే ఈ ట్రెజరీ బిల్లు దగ్గర తడబడుతున్నారు. ఇందులో మిత్తి ఇంత అని ఎక్కడా రాసి ఉండదు. ధర ఒక్కటే ఉంటుంది, మిత్తిని అందులోంచి మనమే తీయాలి.

కింద వాడిన ధరలు లెక్క సులువుగా తెలియడానికి నేను తీసుకున్నవి, ఇవాళ్టి రేట్లు కావు.

అపోహ: ఇది మన జిల్లా ట్రెజరీలో పెండింగ్ పడే బిల్లుల్లాంటిదే.

టీచర్ల నుంచే ఎక్కువగా వింటాను. "వద్దు సార్, ట్రెజరీ సంగతి మాకు తెల్వదా" అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది కేంద్ర ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పు. వేలం నడిపేది రిజర్వు బ్యాంకు. రాష్ట్రాలు బాండ్లు ఇస్తాయి కానీ ట్రెజరీ బిల్లులు ఇవ్వవు.

అపోహ: లక్షలుంటేనే కొనాలి.

పది వేలు చాలు, ఆపైన పది వేల చొప్పున ఎంతైనా. మనలాంటివాళ్లు నేరుగా కొనుక్కోవడానికి 2021 నవంబరులో మొదలైన రిజర్వు బ్యాంకు పోర్టల్ ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో ఖాతాకు ఫీజు లేదు. అక్కడ మనం ధర చెప్పే పని కూడా లేదు. బ్యాంకులు, పెద్ద సంస్థలు పోటీపడి ధరలు వేస్తాయి, వాటి సగటు ధరకు మనకు ఇస్తారు.

అపోహ: మూడు నెలలకోసారి మిత్తి పడుతుంది.

పడదు. అంగళ్లకు తిరిగే ఫైనాన్స్ వాళ్లు పది వేల అప్పు రాసుకొని, వెయ్యి ముందే పట్టుకొని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు కదా, ఇక్కడా అదే పద్ధతి. కాకపోతే అప్పిచ్చేది మీరు, తీసుకునేది ఢిల్లీ సర్కారు. తక్కువ కట్టి కొంటారు, గడువు నాడు పూర్తి ముఖ విలువ, అంటే బిల్లుకు రావాల్సిన నూటికి నూరు, ఒకేసారి మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. నెలనెలా ఖర్చులకు డబ్బు కావాల్సినవాళ్లకు ఇది పనికిరాదని ముందే చెప్పేస్తాను.

అపోహ: మూడు నెలలకు నూటికి రూపాయిన్నర, అంటే ఏడాదికి 6 శాతం.

అసలు తప్పంతా జరిగేది ఇక్కడే. ఒక బత్తాయి రైతు నా టేబుల్ మీదే తక్‌పట్టీ (పంట అమ్మినప్పుడు ఇచ్చే చీటీ) వెనక్కి తిప్పి ఈ లెక్క వేశాడు. 91 రోజుల బిల్లు ధర 98.50. లక్ష ముఖ విలువకు కట్టేది 98,500, వచ్చేది లక్ష, లాభం 1,500. అక్కడిదాకా సరిగ్గానే వేసి, 1,500ను లక్షతో భాగించి, నాలుగుతో గుణించి 6 అని కింద గీత గీశాడు.

"అన్నా, నీ జేబులోంచి పోయింది లక్షనా?" అని అడిగాను. ఒక్క క్షణం చూసి లక్ష కొట్టేసి 98,500 రాశాడు. ఇప్పుడు 1.5228 శాతం వచ్చింది. ఇది 91 రోజుల రాబడి. ఏడాదికి ఎంతో తెలియాలంటే నాలుగుతో కాదు, 365ను 91తో భాగిస్తే వచ్చే 4.011తో గుణించాలి. అప్పుడు 6.11 శాతం. సూత్రంగా రాసుకుంటే ఇంతే:

(100 − ధర) ÷ ధర × (365 ÷ రోజులు) × 100

"ఆ పదకొండు పైసలకా ఇంత రామాయణం" అన్నాడు. మూడు నెలల బిల్లులో పైసలే. ఏడాది బిల్లులో అట్లా కాదు. 364 రోజుల బిల్లు 94కు దొరికిందనుకోండి. ఆరు రూపాయల లాభం కనుక 6 శాతం అనుకుంటాం. 94తో భాగిస్తే 6.38, ఏడాదికి సరిచేస్తే 6.40. బ్యాంకులో 6.25 శాతం ఎఫ్‌డీ మూడు నెలలకోసారి మిత్తి మీద మిత్తి కలిపితే ఏడాది చివరకు అదీ 6.40 దగ్గరికే వస్తుంది. అంటే 6 శాతంలా కనిపించే బిల్లు, 6.25 అని బోర్డు పెట్టిన ఎఫ్‌డీ, రెండూ సమానమే. లెక్క వేయకపోతే బిల్లు ఓడిపోయినట్టే కనబడుతుంది.

అదే బ్యాంకు 6.50 ఇస్తుంటే ఏడాదికి 6.66 అవుతుంది, అప్పుడు ఎఫ్‌డీయే మేలు. సీనియర్ సిటిజన్లకు బ్యాంకులు పైన ఇంకొంచెం ఇస్తాయి. రిటైరైనవాళ్లు బిల్లు పేరెత్తితే మాత్రం ముందు ప్రభుత్వ పొదుపు పథకం సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వాళ్ల 30 లక్షల పరిమితి నిండిందా అని అడుగుతాను. బిల్లు బలం మరోచోట ఉంది. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి ఐదు లక్షల వరకే. ప్రభుత్వం బిల్లు కట్టడానికి అట్లాంటి పరిమితి లేదు.

మన పద్ధతిలో చెప్పాలంటే ఇది నూటికి నెలకు అర్ధ రూపాయి మిత్తి. రెండు రూపాయలకు తిప్పేవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి, వాళ్ల అసలు ఎన్నిసార్లు తిరిగొచ్చిందో వాళ్లకే తెలుసు.

అపోహ: 94కే నూరు వస్తుంటే 98.50 పెట్టి కొనేవాడు పిచ్చోడు.

రోజులు చూడకుండా ధర చూస్తే ఇట్లాగే ఉంటుంది. పైన చూశాం, ఒకటి 6.40, ఇంకొకటి 6.11. ఎక్కువ వస్తుందని 364 రోజులదే కొనాలనీ లేదు. వేలం మామూలుగా బుధవారం, డబ్బు సెటిలయ్యేది గురువారం. 91 రోజులంటే సరిగ్గా పదమూడు వారాలు, మళ్లీ గురువారమే వస్తుంది. యాసంగి వడ్లు కొనడానికి ఫలానా వారం డబ్బు కావాలని తెలిసిన మిల్లరుకు ఇదే సరిపోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, 6.11 అనేది ఏడాది లెక్క. చేతికొచ్చేది 1,500 మాత్రమే. తర్వాతి మూడు బిల్లులు ఏ ధరకు దొరుకుతాయో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

అపోహ: టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయలేదు కాబట్టి ట్యాక్స్ లేదు.

ఉంది. లాభం మీ ఆదాయంలో కలిసి మీ స్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. కోయకపోవడం వల్ల రిటర్న్‌లో చూపించే బాధ్యత మీదే.

అపోహ: సర్కారుది కనుక ఎప్పుడు అమ్మినా అనుకున్న రాబడి వస్తుంది.

గడువు దాకా ఉంచితేనే వస్తుంది. జడ్చర్ల దగ్గర ప్లాటు అమ్మిన డబ్బును 94 ధరకు ఏడాది బిల్లులో పెట్టి, 91 రోజులకే పెళ్లి కుదిరి అమ్మాల్సి వచ్చిందనుకోండి. ఈలోగా మార్కెట్ రేటు 7.40కి పెరిగింది. మిగిలిన 273 రోజులకు ఆ రేటు మీద ధర సుమారు 94.75 పలుకుతుంది. మీకు దక్కింది ముప్పావు రూపాయి, ఏడాది లెక్కలో 3.2 శాతం. రేటు కదలకుండా 6.40 దగ్గరే ఉండి ఉంటే 95.43 వచ్చేది. పైగా చిన్న మొత్తాలకు ఆ రోజే కొనేవాడు దొరకాలి కదా. అందుకే పెళ్లి, ఫీజులు ఏ నెలలో ఉన్నాయో అడిగి, ఆ తేదీకి ముందే తీరే గడువు చూసి కొనిపిస్తాను.