ఎర్ర రొయ్యలు రాకముందు

చి. చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"ఎర్ర రొయ్యలు ఎప్పుడు తెస్తావు?" అని ఫోన్లో అడిగారు. ఇప్పుడే కాదు నాన్నా. మీరు తొట్టిలో నీళ్ళు పోసి మూడు వారాలే అయింది, ఇంకో నెలైనా ఆగాలి. మిగిలిన మేత, రాలిన ఆకు కుళ్ళితే నీటిలో అమ్మోనియా పుడుతుంది, అది రొయ్యలకు విషం. దాన్ని విరిచే బ్యాక్టీరియా స్పాంజ్ ఫిల్టర్లో, రాళ్ళ మీద బాగా స్థిరపడాలి. రాళ్ళకు పల్చటి పాచి పడితే గోకెయ్యకండి, రొయ్యలకు అదే అన్నం.

మీరు ఫొటో పంపింది కార్డినల్ రొయ్య. ముదురు ఎరుపు ఒళ్ళు, తెల్ల చుక్కలు, తెల్లటి ముందుకాళ్ళు. పొడవు రెండున్నర సెంటీమీటర్లు దాటదు. ఆ తెల్ల కాళ్ళతో రాయిని తడుముతూ, దొరికింది నోట్లో పెట్టుకుంటూనే ఉంటుంది. చూస్తూ కూర్చుంటే నాకు భోజనం వేళ కూడా గుర్తుండదు.

దాని పుట్టిల్లు ఇండోనేషియాలో, సులవేసి దీవిలోని మటానో సరస్సు. లోతు 590 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడి నీళ్ళు వెచ్చన, అందుకే దీనికి 27 నుంచి 30 డిగ్రీలు కావాలి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర ఉండాలి. చల్లదనం కోరే రకాలను మన ఎండల్లో పెంచడం కష్టం, అందుకే ఇదే మేలని నా అభిప్రాయం.

శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 2009లోనే. ఇప్పుడు ఆ సరస్సులో దీని బతుకే ప్రమాదంలో పడింది. నికెల్ గనులు ఒక కారణం. ఇంకొకటి, ఎవరో తెచ్చి వదిలిన ఫ్లవర్‌హార్న్ చేపలు. మీ వీధిలో అక్వేరియాల్లో ఉంటాయే, నుదురు ఉబ్బినవి, అవే. ఎవరైనా పెంచలేక చెరువులో వదులుతామంటే మీరు వద్దని చెప్పండి.

మన నీలకంఠ రొయ్య పిల్లలకు తొలి రోజుల్లో ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. వీటికి అక్కర్లేదు. తల్లి పొట్ట కింద మోసే కొద్దిపాటి గుడ్ల నుంచి నేరుగా చిట్టి రొయ్యలే వస్తాయి.

ఒక తప్పు నేను చేశాను, మీరు చెయ్యకండి. రాగి బిందెలో నిలవున్న నీళ్ళు తొట్టిలో పోస్తే తెల్లారేసరికి నా రొయ్యలన్నీ పోయాయి. రాగి వాటికి విషం. దోమల మందు కూడా ఆ గదిలో కొట్టకూడదు.

తెల్లటి ఖాళీ పొర కనిపిస్తే చచ్చిపోయిందని ఏడవకండి, అది విడిచిన పెంకు. తీసెయ్యొద్దు, కాల్షియం కోసం మళ్ళీ అవే తింటాయి.

ఆదివారం అమ్మోనియా పరీక్ష చేసి ఫొటో పంపండి.

మీ తాతయ్య